నిజం పీట

మొన్న ఆదివారం పొద్దున మా మరిది కూతురు తూంకుంట నుంచి స్కూటీ మీద వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "పెద్దమ్మా, ఆ పీట ఉన్నదా, పారేసినవా?" అని అడిగింది. ఏ పీట అని నేను అడగలేదు. మా ఇంట్లో పీటలకు కొదవ లేదు కానీ, ఆ పిల్ల అలా అడిగేది ఒక్కదాని గురించే. అటక మీద, పాత కూలర్ వెనక, గోనెసంచిలో చుట్టి పెట్టిన మామిడి చెక్క పీట. దించి దుమ్ము దులుపుతుంటే ఒక మూల ఇంకా పసుపు మరక కనిపించింది. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. శామీర్‌పేట దగ్గర ఒక బడిలో చిన్నపిల్లలకు వారానికోసారి ఆటలాడిస్తూ మంచి నడవడిక నేర్పే పని కాలేజీ వాళ్లు అప్పజెప్పారట. "నువ్వు మాకు ఆడిపిచ్చినయన్నీ ఆడిపిస్త," అంది. "అన్నీనా?" అన్నాను. "అన్నీ," అని నవ్వింది. ఆ నవ్వు చూడగానే, ఇన్నేళ్ల తర్వాత, నా ముక్కుకు ఎగ్ పఫ్ వాసన తగిలింది. నేను ఎగ్ పఫ్ తినను. అయినా నా జీవితంలో నాకు అంత తృప్తినిచ్చిన తిండి మరొకటి లేదు.

నేను పదో తరగతిలో లెక్కల దగ్గర ఆగిపోయిన మనిషిని. గౌడవెల్లిలో పుట్టి, మేడ్చల్‌కు కోడలిగా వచ్చి, కూరగాయలకు పోయే దారిలో లైబ్రరీని కనిపెట్టాను. కనిపెట్టాను అనే అంటాను, ఎందుకంటే అక్కడ అదొకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయన దాన్ని కరెంటాఫీసు అనుకునేవాడు. లోపల ఇనుప బీరువాలు, పాత కాగితం వాసన, గుండ్రంగా తిరగడానికి కూడా ఓపిక లేని ఫ్యాను, పేపరు మీదే కునుకు తీసే ముసలివాళ్లు. ఎడమ పక్క బీరువాలో పై అర నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ వచ్చాను. జ్యోతిషం, కోళ్ల పెంపకం, ప్రపంచ చరిత్ర, పళ్ల జబ్బులు, ఏది ముందొస్తే అది. తెలియని మాట తగిలితే లేచి నిఘంటువు దగ్గరికి పోయేదాన్ని. అక్కడ పనిచేసే పెద్దాయనను అందరూ లైబ్రరీ సాబ్ అనేవాళ్లు. ఆయన నన్ను చూసి, "అందరు పుస్తకం పసంద్ చేస్కుంటరమ్మా, నువ్వు బీరువానే పసంద్ చేసినవ్," అనేవాడు. అది మెచ్చుకోలుగానే తీసుకున్నాను, ఇప్పటికీ అలాగే తీసుకుంటున్నాను.

ఆ బీరువాలో కింది అరకు వచ్చేసరికి పిల్లల మనసుల మీద ఒక పుస్తకం దొరికింది. ముందు పుటలు చెదలు తినేశాయి కాబట్టి రాసిందెవరో నాకు ఈరోజుకీ తెలియదు. పిల్లలకు నీతులు చెప్పి లాభం లేదనీ, కోపం, భయం, అసూయ, అబద్ధం, వీటన్నిటినీ ఆటల్లో పెట్టి చేతికందిస్తే వాళ్లే నేర్చుకుంటారనీ అందులో ఉంది. చదివి ఊరుకోలేకపోయాను. సాబ్‌తో చెబితే, "సదివింది సందూకల పెట్టుకుంటే ఏం ఫాయిదా? పిల్లల్ని పిలువు, వరండా ఇస్త," అన్నాడు. అలా ఆదివారం పూట లైబ్రరీ వరండాలో మా వాడ పిల్లలతో మొదలైంది. మొదటి ఆట కోపం గ్లాసు. గ్లాసులో నీళ్లు, పిడికెడు ఎర్రమట్టి. కోపమొచ్చిన పిల్ల దాన్ని పుల్లతో కలిపి, మట్టి అడుగుకు దిగేదాకా చూస్తూ కూర్చోవాలి, అప్పటిదాకా మాట్లాడకూడదు. రెండోది మొఖాలాట. ఒకరు ఏడుపు మొఖం పెడితే పక్కవాళ్లు అది ఎందుకొచ్చిందో ఊహించి చెప్పాలి. మూడోది నిజం పీట. పీట మీద కూర్చున్నవాళ్లు తమ గురించి ఒక నిజం చెప్పాలి, ఎంత సిగ్గుపడేదైనా సరే. చెప్పగానే అందరం చప్పట్లు కొట్టాలి. ఎవరూ తిట్టకూడదు, నవ్వకూడదు. నిజం చెప్తే మెచ్చుకోలు దొరుకుతుందని పిల్లల ఒంటికి పట్టాలన్నది అందులో కీలకం. పక్కింటి గచ్చు మీద ఉచ్చపోసింది నేనే అని ఒకడు, అవ్వ పాన్‌డబ్బా దాచింది నేనే అని సాబ్ మనుమరాలు, ఇలా చెప్పి చప్పట్లు కొట్టించుకుని వెలిగే మొఖాలతో దిగేవాళ్లు.

మా మరిది కూతురు అప్పుడు మూడో తరగతి. మరిది వాళ్లు తూంకుంటలో కొత్త లేఔట్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు కానీ, శనివారం సాయంత్రం పిల్లను మా దగ్గర దింపి ఆదివారం తీసుకుపోయేవాళ్లు. నన్ను వదిలేది కాదు. పీట మీద కూర్చోవడమంటే దానికి పండగ. చెప్పడానికి నిజాలు అయిపోయి, "నాకు ఇయ్యాల నిజం ఏం లేదు పెద్దమ్మా," అని ఏడ్చిన రోజు కూడా ఉంది.

ఇప్పుడు దాని తల్లి సంగతి. మా తోటికోడలిది కౌకూరు. నన్ను అక్కా అని నోరారా పిలిచేది, ఆ పిలుపులో చక్కెర ఎక్కువ. మా ఇంటి బోనం పెద్దకోడలు ఎత్తుకోవడం ఆనవాయితీ. పెళ్లయిన మొదటి ఏడు నుంచీ నేనే ఎత్తుకునేదాన్ని. కొత్త కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బెల్లం అన్నం నింపి, వేపమండలు చుట్టి, పైన దీపం పెట్టుకుని డప్పుల వెనక నడుస్తుంటే వాడంతా పక్కకు తప్పుకుని దారిచ్చేది. లెక్కల్లో తప్పిన దానికి జీవితంలో దొరికిన పెద్ద మర్యాద అదే. ఎత్తుకునేవాళ్లు అమ్మవారికి సమర్పించేదాకా ఏమీ తినకుండా ఒక్కపొద్దు ఉండాలి. ఆ బోనాల ముందు శనివారాలన్నీ కూడా ఉండాలని మా అత్తమ్మ నియమం. ఆ నియమం దగ్గరే దెబ్బ తగిలింది. ఒక శనివారం లైబ్రరీ ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ చెప్పి, బెంచీ మీద పుస్తకం తెరిచాను. అందులో ఎవరో రాజు కోటలో చిక్కుకుని ఉన్నాడు. నా చెయ్యి ఎదురుగా పెట్టిన బిస్కెట్ల ప్లేటులోకి పోయిందో, బిస్కెట్ చాయ్‌లో మునిగిందో, నోట్లోకి వచ్చిందో, నాకేమీ తెలియదు. రాజు బయటపడేసరికి ప్లేటు ఖాళీ. అదే దారిన కారులో పోతున్న మా తోటికోడలు అది చూసింది.

చూస్తే చూసింది, నన్ను అడగొచ్చు. అడగలేదు. ఆ సాయంత్రం అందరం కూర్చున్నప్పుడు, నేను అన్నం గిన్నెలు తెస్తుండగా, అత్తమ్మ కాళ్లు పిసుకుతూ మెత్తగా అంది: "అక్కకు ఒక్కపొద్దులు కష్టమైతున్నట్టున్నయత్తమ్మా. పాపం, హోటల్ల బిస్కెట్లు తినుకుంట కనవడ్డది." అత్తమ్మ నా వైపు చూసింది. చదువుతూ చూసుకోలేదని చెప్పాను. అది నిజం. కానీ దాన్ని నమ్మాలంటే మనిషికి పుస్తకం అలవాటు ఉండాలి. "సదువుకుంట తిన్నదట!" అని మా ఆడబిడ్డ పడీపడీ నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. "పుస్తకం పట్టుకుంటే ఒళ్లు మరిచేదానికి అమ్మవారి కుండ ఎట్లియ్యాలె? ఈయేడు నుంచి చిన్నదే ఎత్తుకుంటది," అంది. మా తోటికోడలు తల వంచుకుంది, వినయంగా. ఆ వంచిన తల కింద పెదవులు ఎలా ఉన్నాయో నేను గిన్నె పట్టుకుని నిలబడిన చోటికి బాగా కనిపించింది.

ఆ ఏడు బోనాలకు ఆమె ముందు నడిచింది, నేను వెనక చెంబు పట్టుకుని నడిచాను. నా చేతికి చెంబిస్తూ, "అక్కా, జర బద్రం, పుస్తకం అనుకొని మరిచిపోకు," అంది. ఆ మాటను నేను లోపల దాచుకున్నాను. ఆదివారాలు పిల్లల ముందు కూర్చుని, "కోపం మట్టిలాంటిది, చూస్తూ కూర్చుంటే అడుగుకు దిగుతుంది," అని చెప్తూ గ్లాసులో పుల్ల తిప్పేదాన్ని. తిప్పే ప్రతిసారీ నా కళ్లముందు ఆ కౌకూరు మనిషే తిరిగేది. ఆమె నెత్తిన కుండ జారినట్టు, దీపం ఆరినట్టు, కొత్త పట్టుచీర అంచు కాలికి చుట్టుకున్నట్టు, రకరకాలుగా ఊహించుకునేదాన్ని. కుండ పగలడం మాత్రం ఊహించుకోలేదు. అమ్మవారితో నాకు పేచీ లేదు.

దారి నాకు పీట మీద నుంచే దొరికింది. మరుసటి ఏడు బోనాల ముందు ఒక ఆదివారం మా పిల్ల వంతు వచ్చింది. నిజం ఏదీ తట్టక అటూ ఇటూ చూసి, "నేను కారుల ఎగ్ పఫ్ మొత్తం తినలే, సగం మమ్మీకిచ్చిన," అంది. అందరం చప్పట్లు కొట్టాం. నేను ఇంకా కొడుతూనే ఉన్నాను, అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. ఎప్పుడు తిన్నారే అని అడిగాను. నిన్న, మా ఇంటికి వచ్చేటప్పుడు, శామీర్‌పేట చెరువు కాడ కారాపి. నిన్న అంటే శనివారం. మా తోటికోడలు ఒక్కపొద్దు అని, నీరసం అని, మా ఇంటికి వచ్చి మంచమెక్కి, నా చేత నిమ్మరసం కలిపించుకుని తాగిన శనివారం. నాది సాదా బిస్కెట్, అదీ మైమరుపు. ఆమెది గుడ్డు, అదీ చెరువు గాలి పీలుస్తూ.

వెంటనే వెళ్లి అత్తమ్మకు చెప్పొచ్చు. చెప్తే అది చాడీ అవుతుంది, నాకు కావలసింది చాడీ కాదు. నన్ను ఎలా నలుగురిలో దించిందో అలా నలుగురిలో దిగాలి, నేను నోరు విప్పకూడదు. అందుకని ఆ వారమే ఆట నియమం మార్చాను. పుస్తకంలో తన గురించి మాత్రమే చెప్పాలని ఉంది. నేను, "ఇంట్ల చూసింది గూడ చెప్పొచ్చు. కండ్లతోని చూసిందైతే అది గూడ నిజమే," అన్నాను. పిల్లలు పొంగిపోయారు. ఒక్క పూటలో మా వాడలో ఎవరింట్లో ఏముందో వరండా మీదికి వచ్చి పడింది. లోపల పుస్తకాలకు అట్టలు వేస్తున్న సాబ్ కళ్లజోడు పైకి నెట్టుకుని బయటికొచ్చాడు.

"కితాబుల గిట్లనే ఉన్నదా అమ్మా?"

"కొంచెం పెంచిన సాబ్."

"పెంచుడు సరే. పిల్లలకు తాళంచెయ్యి ఇస్తున్నవ్. ఏ తలుపు తీస్తరో నీకెరుకేనా?"

నాకు ఎరుకే అనుకున్నాను. నాకు కావలసిన తలుపు ఒక్కటే.

బోనాల ఆదివారం వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. హాలు మధ్యలో చాప మీద మా తోటికోడలు, తలంటుకున్న జుట్టు విరబోసుకుని, ఎర్ర పట్టుచీరలో, ఒక్కపొద్దు కళతో కూర్చుంది. పక్కన కుండ సిద్ధంగా ఉంది. అత్తమ్మ వచ్చినవాళ్లకల్లా ఆమెను చూపిస్తూ, "నిన్నటి సంది పచ్చి మంచినీళ్లే. మా చిన్నకోడలుది గట్టి మనసు," అంటోంది. డప్పులవాళ్లు ఇంకా రాలేదు. పిల్లలు గోల చేస్తున్నారు. ఇదే అదును. "ఉత్తగ కూసునేబదులు పిల్లలకో ఆట పెడతనత్తమ్మా," అని పీట తెచ్చి నడుమ వేశాను. పండగని దానికి కూడా పసుపు రాశాను. వారం ముందే మా పిల్లకు చెప్పి ఉంచాను, అందరి ముందు ధైర్యంగా చెప్పాలని. "ఏం చెప్పాలె?" అని అది అడిగితే, "పఫ్ ముచ్చట లేదా, అసొంటిది. అది మంచిగున్నది," అన్నాను.

మా ఆడబిడ్డ కొడుకు మొదట ఎక్కి, పరీక్షలో పక్కవాడిది చూసి రాశానన్నాడు. చుట్టాలు నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఆటేదో బాగుందన్నారు. తర్వాత మా పిల్ల ఎక్కింది. లంగా సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో పద్యం చెప్పేటట్టు గొంతు సవరించుకుంది.

"పొద్దుగాల వచ్చేటప్పుడు శామీర్‌పేట చెరువు కాడ మమ్మీ కారాపింది. ఎగ్ పఫ్ తిన్నది. నాకు సగమిచ్చింది. అవ్వకు చెప్పొద్దన్నది. కానీ ఇది నిజం."

నేను ఆశించింది పాత శనివారం ముచ్చట. ఆ రోజు పొద్దున కూడా తింటుందని నేను కలలో కూడా అనుకోలేదు. దేవుడు అడిగినదానికంటే ఎక్కువిచ్చాడు. మా తోటికోడలి మొఖంలో పసుపు తప్ప మరో రంగు మిగలలేదు. "పిల్ల మాటలత్తమ్మా... కారుల కండ్లు తిరిగినయని ఒక్క ముక్క..." అని లేవబోయింది. "ఒక్క ముక్క కాదు మమ్మీ, సగం!" అంది పిల్ల. మా ఆడబిడ్డ, నా బిస్కెట్‌కు నవ్విన ఆడబిడ్డ, కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తమ్మ కుండ వైపు చూసి, "పెద్దదానా, పోయి నెత్తి మీద రెండు చెంబులు పోసుకొని రా," అంది నాతో.

అంతే. గెలిచాను. నేను ఒక్క మాట అనలేదు. పొద్దున్నుంచి నిజంగా ఒక్కపొద్దు కూడా ఉన్నాను, ఇలాంటిది జరుగుతుందని ముందుచూపుతో. కాలు కదపబోయాను.

పిల్ల ఇంకా పీట మీదే ఉంది. అందరి మొఖాలూ చూస్తోంది. మొఖాలాట అంత బాగా ఆడే పిల్లకు ఆ హాల్లో ఒక్క మొఖమూ అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, చప్పట్లు?" అంది. నేను చప్పట్లు కొట్టలేదు. ఎలా కొడతాను? అది నా కొంగు పట్టి గుంజింది. "నువ్వు చెప్పుమన్నదే చెప్పిన గదా. మంచిగున్నదన్నవు గదా. ఎవ్వరు కొడ్తలేరేంది?"

డప్పులు అప్పుడే వీధి మలుపులో మోగాయి. అత్తమ్మ మొదట నన్ను చూసింది, తర్వాత చిన్నకోడలిని చూసింది. ఆ చూపులో కోపం కంటే లెక్క ఎక్కువ ఉంది. మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచింది. "ఒకతికి నోటి మీద పట్టు లేదు, ఇంకొకతికి మనసు మీద పట్టు లేదు. మీ ఇద్దర్ల ఎవరు ముట్టినా కుండ ఒప్పుకోదు. నేనే ఎత్తుకుంట," అంది. వారించేవాళ్లను కసిరింది. పిల్లను పీట మీద నుంచి దించి, చేతికి ఒక వేపమండ ఇచ్చి, "నువ్వు ముందల నడువు. నువ్వొక్కదానివే సక్కగున్నవు ఈ ఇంట్ల," అంది. అలా ఆ ఏడు మా ఇంటి బోనం మోకాళ్ల నొప్పుల అత్తమ్మ నెత్తిన వెళ్లింది. ఆమె పడిపోకుండా ఒక పక్క నేను, ఒక పక్క మా తోటికోడలు చెరో మోచెయ్యి పట్టుకుని నడిచాం. గుడిదాకా మేం ఒకరినొకరు చూసుకోలేదు. వాడవాళ్లు చూసి, "ముసలమ్మ అదృష్టం, కోడండ్లిద్దరు ఎట్ల పట్టుకొని నడుస్తుండ్రో," అనుకున్నారు.

మా వాడలో ఈ సంగతి డప్పుల కంటే ముందు నడిచింది. పాలబూత్ దగ్గర ఒకావిడ, "మీ పీట మా ఇంట్ల ముచ్చట్లు అడుగుతాందట గదా," అని నవ్వుతూనే పిల్లను మాన్పించింది. తర్వాత ఇంకొకరు మాన్పించారు. చివరికి వరండాలో సాబ్ మనుమరాలు, నేను, కోపం గ్లాసు మిగిలాం. సాబ్ పీట తెచ్చి నా చేతికిచ్చి, "ఇంటికి తీస్కపో అమ్మా. ఇది వరండా సామాను కాదు," అన్నాడు. మరిది వాళ్లు చాలాకాలం పిల్లను దింపలేదు. ఆ శనివారాలు సాయంత్రం కారు చప్పుడైతే గేటుదాకా వెళ్లి వచ్చేదాన్ని. ఇదంతా తలచుకుని కుమిలిపోయానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ ఆ "సగం!" అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా, ఒంటరిగా ఉంటే, నేను ఇప్పటికీ నవ్వుకుంటాను. చప్పట్లు అడిగిన గొంతు గుర్తొస్తే మాత్రం లేచి ఏదో ఒక పని వెతుక్కుంటాను.

ఇదిగో, ఆ గొంతు పెద్దదై మొన్న నా వాకిట్లో నిలబడింది. ఇన్నేళ్లూ మా ఇద్దరి చేతికీ ఇవ్వని బోనం ఈ ఏడు తననే ఎత్తుకోమని అవ్వ ఫోన్‌లో చెప్పిందట. అత్తమ్మ పక్క గదిలోనే ఉంటుంది, నాకు చెప్పలేదు. చిన్నదానికి దక్కలేదన్నది మొదట తట్టింది, నాకు దక్కలేదన్నది తర్వాత తట్టింది.

"పీటాట నియమం గుర్తున్నదా?" అని అడిగాను, పీట తుడుస్తూ.

"ఉన్నది. ఎవరిది వాళ్లే చెప్పాలె. పక్కోళ్లది చెప్పొద్దు," అంది. చెదలు తిన్న ఆ పుస్తకాన్ని అది ఎన్నడూ చూడలేదు. "ఇంకోటి నేను కలిపిన. పెద్దోళ్లు గూడ కూసోవాలె. ముందుగాల నువ్వు కూసో."

నవ్వి తప్పించుకోబోయాను. వదల్లేదు, భుజాలు పట్టి కూర్చోబెట్టింది. పీట ఇంత చిన్నదని ఎన్నడూ తెలియలేదు నాకు; మోకాళ్లు గడ్డానికి వచ్చాయి. వాకిట్లో ఎవరూ లేరు. ఎండ జామచెట్టు మీదికి వచ్చింది. చెప్పడానికి మంచి మాటలు చాలానే వెతికాను, బీరువా నిండా పుస్తకాలు చదివినదాన్ని. ఒక్కటీ నిజం కాలేదు.

"మీ అమ్మ మీద నాకు కోపం ఇంక పోలే," అన్నాను.

పిల్ల గట్టిగా చప్పట్లు కొట్టింది. గోడ మీద పావురం లేచిపోయేంత గట్టిగా. కొట్టి కొట్టి, పీట అందుకుని స్కూటీ మీద కాళ్ల దగ్గర నిలబెట్టుకుంటూ, "మమ్మీ గూడ పొద్దుగాల గిదే చెప్పింది," అంది.

స్కూటీ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. కాసేపు చూస్తే చాలు, మట్టి దిగుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. మేడ్చల్‌లో ఒకతి, తూంకుంటలో ఒకతి, ఇద్దరం ఇన్నేళ్లుగా ఒకే గ్లాసును చూస్తూ కూర్చున్నాం; పైన నీళ్లు ఎప్పుడు తేటపడ్డాయో ఇద్దరమూ గమనించలేదు, అడుగున మట్టి ఎంతుందో మాత్రం ఇద్దరికీ తెలుసు.